మంద్రతంత్రి కథ



నేను మీతో ముచ్చటింపదలచినది ఎవ్వరును చెవియొగ్గి వినని ఒక నాదమును గూర్చి. పాట వినునపుడు మనము గాయకుని గొంతు విందుము. ఫిడేలు మెలికలు విందుము. మృదంగముపై కుడిచేతి చమత్కారమునకు తల యూపుదుము. వాటి యన్నిటి యడుగునను, కుండక్రింది కుదురువలె, ఒక లావుపాటి శబ్దము నిలిచి యుండును. దానిని మనవారు మంద్రమనిరి. ఇంగ్లీషువారు బేసు అందురు. నేను హైదరాబాదు హిమాయత్‌నగరమున కాపురముండి, పగలు లెక్కలు వ్రాసి, రాత్రులందు బేసు గిటారు వాయించువాడను. సంగీతము నా వృత్తి కాదు. ఇరువది యేండ్లుగా విడువరాని వ్యసనము. కావున నా మాటలలో పాండిత్యము తక్కువగను పక్షపాతము ఎక్కువగను ఉండును. ముందుగనే మన్నింపుడు.

రేడియోలో కూర్చుండి మంద్రనాదమును గూర్చి చెప్పుట ఒక విధముగ వింత. మహబూబ్ అలీ అను నతడు మా పేటకు చేరువనున్న ఆబిడ్స్‌లో, చిరాగ్ అలీ సందునుండి 200 వాట్ల చిన్న యంత్రముతో ప్రసారము మొదలుపెట్టెను. 1935లో దానిని నిజాము ప్రభుత్వము తన చేతిలోనికి తీసికొనగా దక్కన్ రేడియో యయ్యెను. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసెను. ఆ కాలపు రేడియో పెట్టెలలో జానెడు కాగితపు గరాటు తప్ప వేరొకటి లేదు. అట్టి గరాటు లావు శబ్దములను పలికింపజాలదు. అయినను ఆ పెట్టెలముందు గుమికూడినవారికి తంబురా షడ్జము నిండుగనే వినబడినట్లు తోచెడిది. ఇది చెవి చేయు మాయ. ఏ స్వరమునకైనను దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగముగల తోడుస్వరములు వెంట నుండును. నిమిషమునకు కాదు సుమా, సెకండునకు నూరు కంపనములుగల స్వరమును యంత్రము మ్రింగివేసినను, రెండువందలు, మూడువందలు, నాలుగువందలు చెవికి చేరినచో, మనస్సు ఆ పోయిన నూరును తానే పూరించుకొనును. లేనిదానిని ఉన్నట్లు విందుము. మంద్రమును మరచుట మనకెంత సులభమో, అది లేకుండ వినుట అంత కష్టము.

ఇక తీగ సంగతి. తీగ నిడివి రెట్టింపైన స్వరము ఒక స్థాయి దిగును. తీగ లావైనను దిగును. సడలించినను దిగునుగాని, మరీ సడలించితిమా, బట్టలారవేయు త్రాడువలె వ్రేలాడునే తప్ప పలుకదు. నా వాద్యములో అన్నిటికంటె లావుతీగ సెకండునకు 41 మారులు కంపించును. దానికొరకై మామూలు గిటారుపై ఇరువదియైదున్నర అంగుళముల పలుకునిడివి యుండగా, బేసుపై 34 అంగుళములు పెట్టిరి. ఉత్త ఉక్కుతీగను అంత లావు చేసినచో కమ్మివలె బిగిసిపోవును. కనుక సన్నని తీగచుట్టును మరియొక తీగను దగ్గరదగ్గరగా చుట్టుదురు. బరువు పెరుగును, బిగువు పెరుగదు. మన వీణపై అనుమంద్రమునకు నేడు వేయునదియు చుట్టుతీగయే.

వీణ మాట వచ్చినది కనుక ఒక్క చరిత్రాంశము చెప్పుదును. వీణపై వాయించు తీగలు నాలుగు: సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రము. ప్రక్కనున్న మూడును తాళమునకు. మైనపు దిమ్మలపై నాటిన మెట్లు ఇరువదినాలుగు. మెట్లను ఇట్లు శాశ్వతముగ నిలిపిన ఘనతను 17వ శతాబ్దపు తొలి పాదమున తంజావూరు నేలిన మన తెలుగురాజు రఘునాథనాయకునికి చెప్పుదురు. అంతకుముందు రాగమునకు తగినట్లు మెట్లను జరుపుకొనుచుండిరట. మెట్టు నిలిచిన పిమ్మట వ్రేలు ఎచ్చట నొక్కవలయునో వెదకుకొను బాధ తప్పినది. విద్వాంసునికి ఇది గొప్ప విషయముగ తోచకపోవచ్చును. పగలంతయు వేరుపని చేసి రాత్రి గంటసేపు వాద్యము ముట్టు నావంటివానికి మెట్టు దైవమువలె సాయపడును.

పాశ్చాత్యుల మంద్రవాద్యమునకు ఈ వరము మూడు శతాబ్దములు ఆలస్యముగ లభించెను. వారి డబుల్ బేసు ఆరడుగుల ఎత్తుండును, నిలుచుండి కౌగిలించుకొని వాయింపవలయును, మెట్లు లేవు. బాకాలును డ్రమ్ములును మ్రోగుచుండగా దాని గొంతు వినబడదు. అమెరికాలో సియాటిల్ నగరవాసి పాల్ టట్మార్క్ 1930వ దశకముననే విద్యుత్తుతో పలుకు చిన్న బేసును చేసెనుగాని అది అంతగా సాగలేదు. 1951లో కాలిఫోర్నియాలోని లియో ఫెండర్ మెట్లుగల విద్యుద్బేసును అమ్మజూపెను. స్వరము మెట్టుమీద ఖచ్చితముగ పలుకును గనుక దానికి ప్రెసిషన్ అని పేరు పెట్టెను. ఈ ఫెండర్ సంగీతజ్ఞుడు కాడు, గిటారు వాయింపనేరడు. మొదట లెక్కలు వ్రాసెడివాడు. తరువాత రేడియోలు బాగుచేసెడివాడు. ఆ రెండు మాటలును చదివిననాడు నాకు కలిగిన సంతోషము మీరు ఊహింపగలరు.

వాద్యసామగ్రిని గూర్చి నా అభిప్రాయము ఒక్కటే చెప్పి ముందుకు పోవుదును. నేటి కుర్రవారు కాలితో నొక్కు పెట్టెలను వరుసగ కొనుచున్నారు. వద్దనను. కాని మంద్రమునకు ముఖ్యము పెద్ద గరాటును, దండిగ శక్తిగల యంత్రమును. మన చెవి లావు శబ్దమును తక్కువగ గ్రహించును గనుక, ప్రక్కవాని గిటారుకంటె బేసునకు పలుమడుగుల శక్తి కావలయును. ఆ పెట్టెను మూడవ అంతస్తునకు మోయునపుడు నా నడుమునకు ఈ శాస్త్రము బాగుగ తెలియును. తీగలందురా, పాతవే మేలు. క్రొత్తతీగ పళ్లెమువలె గణగణలాడును. అమెరికాలో డెట్రాయిట్ నగరమున జేమ్స్ జేమర్సన్ అను నల్లజాతి కళాకారుడు తీగ తెగినగాని మార్చెడివాడు కాడు. కుడిచేత ఒక్క వ్రేలితోనే వాయించెడివాడు. 1960వ దశకమున లోకమంతయు నాట్యమాడిన మోటౌన్ పాటలలో అనేకములకు అడుగున నున్నది ఆతని వ్రేలే. అయినను 1971 వరకు ఆ సంస్థ పెద్ద రికార్డులపై ఆతని పేరు అచ్చు కాలేదు. మన సినిమాపాటలును ఇంతే. ఇళయరాజా బాణీలలో బేసు నడకను 1989నాటి గీతాంజలిలో విని పరవశించినవారు మన ఊళ్లలో కోకొల్లలు. ఆయన పాటలకు ఏండ్లతరబడి బేసు వాయించిన శశిధరన్ పేరు ఎరిగినవారు ఎందరు?

మా జట్టు నలుగురము. హిమాయత్‌నగరమున ఒక మేడపై నీళ్లతొట్టి ప్రక్కగది మా సాధనశాల. ఈ పేటకు ఏడవ నిజాము పెద్దకుమారుడు హిమాయత్ అలీఖాన్ పేరు పెట్టిరందురు. ఆబిడ్స్‌కు ఆరవ నిజాము కొలువులోనుండి దుకాణము నడపిన ఆల్బర్ట్ ఆబిడ్ పేరు నిలిచెను. మా గదికి మాత్రము ఇరుగుపొరుగువారు పెట్టిన పేరు ఇక్కడ చెప్పదగినది కాదు. వారి తప్పు లేదు. పాడువాని గొంతును గోడ చాలవరకు ఆపును. నా 41 కంపనముల అలను ఆపజాలదు. ఆ అల ఒక్కొక్కటి ఇరువదియేడు అడుగుల పొడవుండును, మా గదియే అంత లేదు. పాట వినబడదు, పాడువాడు వినబడడు, వంటింటి గిన్నెలు మాత్రము కదలును. క్రింది అంతస్తు పెద్దమ్మగారు ఒకనాడు మెట్లమీద నన్నాపి, "బాబూ, ఆ నలుగురిలో నువ్వొక్కడివే మా ఇంటికి వస్తున్నావు" అనిరి.

జట్టన్న తరువాత కలహములు తప్పవు. పాడువాడు ఆలస్యముగ వచ్చును. గిటారువాడు తన పెట్టె ధ్వనిని పెంచును. డ్రమ్ములవాని పెండ్లియైన ఏడాదికి సాధన నెలకొక్కమారయ్యెను. బేసువానికి మాత్రము పెద్ద కలహము రాదు, ఏలయన వానిని ఎవ్వరును పట్టించుకొనరు. ఒక పెండ్లివిందులో యంత్రములు చూచువాడు నా తీగను పెట్టెకు తగిలించుట మరచెను. నేను గమనింపక రెండు పాటలు వాయించితిని. సభలో ఒక్కరును ఇది లోపమని అనలేదు. కాని అంతవరకు ఎగురుచున్న పిల్లలు ఒక్కొక్కరే తడబడి, పోయి కుర్చీలలో కూర్చుండిరి. తీగ తగిలింపగానే తిరిగి లేచిరి. నా ఇరువదియేండ్లలో నాకు లభించిన పెద్ద మెప్పు అదియే. మరుసటి ఏడు ఆ యింటివారే మరియొక శుభకార్యమునకు పిలిచి, బేసును యంత్రమే వాయించునట, ముగ్గురు వచ్చిన చాలును అనిరి. మావారు వెళ్లిరి. నేను తప్పుపట్టలేదు అని చెప్పుట మర్యాద, పట్టితిని.

హైదరాబాదు పెండ్లికి లావుశబ్దము క్రొత్తది కాదు. నాంపల్లికి చేరువనే ఏ.సి.గార్డ్స్ అను పేట కలదు. నిజాము కొలువున ఆఫ్రికను అశ్వదళముగ నుండిన సిద్దీల పేట అది. 1948లో హైదరాబాదు భారతదేశమున కలిసిన పిమ్మట దళము రద్దయ్యెను, సిద్దీలు నిలిచిరి, వారి మర్ఫా వాద్యమును నిలిచెను. నేటికిని పాతనగరపు వరుని ఊరేగింపులో మర్ఫా మ్రోగినచో కాళ్లు ఊరకుండవు. చర్మవాద్యములలో మంద్రమునకు మనవారు చేయు యుక్తి మీకు తెలిసినదే: మృదంగమునకు ఎడమవైపు తడిపిన రవ్వముద్దను అంటించుట. బరువు హెచ్చి చర్మము దిగువను పలుకును. తీగకు తీగ చుట్టుటయు, చర్మమునకు ముద్ద పెట్టుటయు ఒకే తెలివి.

అయితే తీగయు చర్మమును రెండును కలిసిన మంద్రవాద్యము మన పల్లెలలోనే కలదని నాకు నలువదియేండ్లు వచ్చువరకు తట్టలేదు. వరంగల్లు వైపు మా అమ్మమ్మగారి ఊరిలో ఎల్లమ్మ కొలుపునకు బైండ్లవారు జమిడిక వాయించుట చిన్ననాట ఎన్నిమారులో చూచితిని. కొయ్యతోగాని ఇత్తడితోగాని చేసిన గొట్టము. ఒక మూతికి తోలు. తోలు నడుమనుండి వచ్చు నరము. ఆ నరపు కొన ఒక చేత బిగబట్టి, రెండవచేత పుల్లతో మీటుదురు. బిగించిన స్వరము లేచును, వదలిన దిగును. మెట్లు లేవు, మేకులు లేవు, పిడికిలియే మెట్టు. ఉత్తరాంధ్ర జముకులకథలోని జముకు దీనికి తోబుట్టువు. అమెరికాలోని బీద నల్లజాతివారు బోర్లించిన బట్టలతొట్టికి త్రాడు కట్టి, చీపురుకర్రతో లాగి వాయించిన బేసు సరిగ ఇదే పద్ధతి. దానికి మూలము ఆఫ్రికాలో నేలగుంతపై కట్టు వింటివాద్యమందురు. మనది వారిని చూచి చేసినదనను, వారు మనను చూచిరనను. పాడువాని అడుగున ఒకడు నిలువవలసిన అవసరము అంతటను ఒక్కటే.

రెండేండ్లక్రితము ఆ ఊరికి పోయి, నా చిన్ననాట వాయించిన పెద్దమనిషినే కలిసితిని. ఆయనను ఊరంతయు మామ అనియే పిలుచును. జమిడిక దూలమునకు వ్రేలాడుచున్నది. నరము తెగి అయిదేండ్లయినదట. కొలుపునకు ఇప్పుడు పెట్టె పాటలు పెట్టుచున్నారట. నేను సంచిలోనుండి నా పాత బేసుతీగ నొకటి తీసి, ఇది కట్టుదమా యంటిని. ఆయన దానిని వ్రేళ్లమధ్య త్రిప్పి చూచి నవ్వెను.

"ఇనుము తోలును కోస్తది బిడ్డా. నరమే కావాలె."

నరము దొరకుటకు మూడు ఊళ్లు తిరిగితిని. తెచ్చిన దినమున ఆయన దానిని నానబెట్టి, ముడివేసి, తోలునకు ఎక్కించెను. మీటినచో బొంయి అను శబ్దమైనను రాలేదు, చినుకు పడినట్లు తుప్పుమనెను. నా మొగము చూచి కాబోలు, "నీ దానికి కరెంటు కావాలె, నా దానికి ఎండ కావాలె. కూసో" అనెను. వాకిటిలో నులకమంచముపై జమిడికను ఎండకు పెట్టితిమి. గొడ్లు ఇంటికి వచ్చు వేళ కాయన చేతికి తీసికొని నరమును పిడికిట బిగించి మీటెను. నా వ్రేళ్లు మోకాలిపై తమంతట తామే కదలినవి. లోపల ఉప్పుడుబియ్యము చెరుగుచున్న ఆయన కోడలు చాట దించి గుమ్మములోనికి వచ్చెను.