తోట గొట్టంతో కురిసిన మంచు

1949-50 శీతాకాలంలో అమెరికా ఈశాన్య ప్రాంతంలో మంచు మొహం చాటేసింది. కనెక్టికట్‌లోని మోహాక్ కొండ మీద స్కీయింగ్ కేంద్రం నడిపే వాల్ట్ షోన్‌నెక్ట్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. లారీల్లో ఐసు దిమ్మలు తెప్పించి, పొడి కొట్టించి, వాలు మీద పరిపించాడు. ఖర్చు తడిసి మోపెడయ్యే పని!

అదే రాష్ట్రంలోని మిల్ఫర్డ్‌లో మరో ముగ్గురిదీ ఇదే బాధ. విమాన పరిశ్రమలో ఆరితేరిన వేన్ పియర్స్, ఆర్ట్ హంట్, డేవ్ రిచీ లోహపు స్కీలు తయారుచేసేవారు. మంచే లేకపోతే స్కీలు కొనేదెవరు? 1950 మార్చిలో పెయింటు కొట్టే కంప్రెసర్‌కు తోట గొట్టం, నాజిల్ తగిలించి చలిలో నీళ్లు చిమ్మారు. గాలి ఒత్తిడికి నీరు తుంపరలై, నేల తాకేలోగా గడ్డకట్టింది. 1954లో పేటెంటూ వచ్చింది.

ఈ విద్యకు చలి ఒక్కటే చాలదు, అది పొడి చలి కావాలి. గాలిలో తేమ పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత ఇంకా దిగాలి. చలి ముదిరేది రాత్రిళ్లే కాబట్టి, ఈ మంచు చిమ్మే యంత్రాలు, అంటే స్నో గన్‌లు, ఎక్కువగా అప్పుడే మోగుతాయి. పొద్దున్నే వాలెక్కినవారి కాళ్లకింద ఉండేవి ఆరు రేకల మంచుపూలు కావు, గుండ్రటి ఐసు పూసలు. అవి ఒత్తుగా సర్దుకుంటాయి, నెమ్మదిగా కరుగుతాయి. పోటీల్లో దిగే స్కీయర్లకు ఇష్టమే, జారిపడ్డవాళ్ల నడుముకు మాత్రం కాదు.

1952లో న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రాసింగర్స్ విడిది ఈ మంచును వాడుకలోకి తెచ్చింది. శీతాకాల ఒలింపిక్స్‌లో అది తొలిసారి కనిపించింది 1980లో, లేక్ ప్లాసిడ్‌లో. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో మంచు మీది పోటీలైతే దాదాపు పూర్తిగా దానిమీదే జరిగాయి. అక్కడి యాన్‌చింగ్ కొండల్లో సహజ మంచు అంతంతమాత్రమే. నీటిని పంపులతో పైకెక్కించాల్సి వచ్చింది.