సంగీత పరిశ్రమ చరిత్రకు మౌఖిక సాక్ష్యం

ప్రత్యేక వ్యాసం

గ్రామఫోను రికార్డు లేబులుపై పాట పేరు, గాయకుని పేరు, కంపెనీ సంఖ్య ఉంటాయి. పక్కవాద్యం వాయించినవారెవరు, వారికి ముట్టిన పారితోషికమెంత, మూడు నిమిషాల పరిమితికి లోబడి ఏ చరణాన్ని వదలివేశారు అనే వివరాలు సాధారణంగా ఉండవు. అవి ఆ పనిలో పాల్గొన్నవారి జ్ఞాపకాలలో మాత్రమే ఉండి, వారితోపాటే అంతరించిపోతున్నాయి. అటువంటివారిని కలుసుకొని, వారి మాటలను రికార్డు చేసి భద్రపరచే పద్ధతినే మౌఖిక చరిత్ర అని వ్యవహరిస్తున్నారు.

ఈ పద్ధతికి 1948లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చరిత్రకారుడు అలన్ నెవిన్స్ వ్యవస్థీకృత రూపమిచ్చారు. సంగీత రంగంలో బాట వేసిన ఘనత యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయ ఉద్యోగిని వివియన్ పెర్లిస్‌ది. స్వరకర్త చార్లెస్ ఐవ్స్ 1954లో మరణించగా, బీమా వ్యాపారంలో ఆయన భాగస్వామి అయిన జూలియన్ మైరిక్‌ను 1968లో ఆమె టేపు రికార్డరుతో కలుసుకున్నారు. 1969లో మైరిక్ కన్నుమూశారు. కొద్ది నెలలు జాప్యం జరిగి ఉంటే ఆ సాక్ష్యం దక్కేది కాదు.

అమెరికా సంగీత వర్తకుల సంఘం ‘నామ్’ 2000లో ప్రారంభించిన వీడియో ఇంటర్వ్యూల సేకరణ 5 వేలు దాటింది. కళాకారులతో సమానంగా వాద్య నిర్మాతలకు, దుకాణదారులకు, శబ్దగ్రాహకులకు అందులో స్థానం కల్పించడం గమనార్హం. పరిశ్రమ చరిత్ర అనిపించుకోవడానికి ఇదే సరైన మార్గం.

భారతదేశంలో 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేశారు. ఆనాటి గాయనులు పాట చివర తమ పేరు చెప్పుకొనేవారు. ఆ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో తయారయ్యేవి కనుక, అక్కడి సిబ్బంది గాయకులను గుర్తించేందుకు ఈ ఏర్పాటు ఉపకరించేది. ఆ తరం సాక్షులు నేడు లేరు. తెలుగు రికార్డులకు చిరకాలం మద్రాసే ప్రధాన కేంద్రం. ఎ.వి. మెయ్యప్పన్ సినీ నిర్మాతగా స్థిరపడక ముందు అక్కడ సరస్వతీ స్టోర్స్ ద్వారా ఓడియన్ రికార్డుల వ్యాపారం నిర్వహించారు. అక్కడి స్టూడియోలలో పనిచేసిన వాద్యకారుల పేర్లు అనేక సినిమా రికార్డులపై కానరావు. వారిలో మిగిలినవారిని కలుసుకోవలసిన అవసరం తక్షణమైనది. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ తయారుచేసే సర్వసిద్ధి కుటుంబాల అనుభవం కూడా ఇదే కోవలోనిది. కర్ర ఎంపిక, మేళం కట్టడం వంటి మెళకువలను పని జరుగుతుండగా వీడియో తీయడం మేలు.

ఇంటర్వ్యూకు ముందు వారి రికార్డులు, ఫొటోలు, పాత ఒప్పంద పత్రాలు పరిశీలించాలి. అవును, కాదు అనే జవాబులు రాబట్టే ప్రశ్నలు పనికిరావు. కాఫీ వేళ రికార్డరు ఆపివేయడం తరచు జరిగే పొరపాటు. అసలు సంగతులు అప్పుడే బయటపడతాయి.

వృద్ధుల జ్ఞాపకంలో సంవత్సరాలు తారుమారు కావచ్చు. రికార్డు మధ్యభాగంలో చెక్కిన మాట్రిక్స్ సంఖ్యతో, కంపెనీ కేటలాగుతో వాటిని సరిచూడాలి. తేడా కనిపిస్తే లిఖిత ప్రతిలో గమనిక చేర్చాలే తప్ప మూల రికార్డింగును దిద్దరాదు. శబ్దాన్ని కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా ఉంచి, వేర్వేరు చోట్ల ప్రతులు భద్రపరచాలి.

వినియోగ షరతులతో కూడిన లిఖితపూర్వక అంగీకారం రికార్డింగు నాడే తీసుకోవాలి. వ్యక్తి మరణానంతరం వారసులందరి సమ్మతి పొందడం కష్టసాధ్యం. ఇంటర్వ్యూలో పాత పాట వినిపించినట్లయితే దాని హక్కులను విడిగా చూడాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం శబ్ద ముద్రణకు ప్రచురణ మరుసటి సంవత్సరం నుండి 60 ఏళ్ల రక్షణ ఉంది. సాహిత్యానికి, సంగీతానికి ఈ గడువు రచయిత, స్వరకర్తల మరణాన్ని బట్టి లెక్కకు వస్తుంది.