తలుపు తట్టే హక్కు

ఇంట్లో నైట్ డ్యూటీ మనిషి ఉంటే పగటి నిద్ర విలువేమిటో ఆ ఇల్లాలికి తెలుస్తుంది. పిల్లల్ని కసురుకుని, రేడియో కట్టేసి, గిన్నెలు కూడా చప్పుడు కాకుండా సర్దుకుంటుంది. తీరా ఆయనకి కునుకు పట్టిందనగా, గుమ్మంలో ఎవరో సరుకుల పెట్టె తెరుస్తారు!

ఈ బాధ పడలేక చట్టమే చేసుకున్న ఊరొకటుంది. అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రంలోని గ్రీన్ రివర్. అది రైల్వే ఊరు. రాత్రంతా పనిచేసి వచ్చినవాళ్ళు పగలు పడుకునేవారు. పైగా అవి ఆర్థిక మాంద్యం రోజులు. పనులు పోయినవాళ్ళు ఎందరో సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతున్న కాలం. 1931లో ఆ ఊరి కౌన్సిలు, ఇంటివాళ్ళు పిలవకుండా అమ్మకానికి గుమ్మమెక్కితే నేరమంది.

బ్రష్షులమ్మే ఫుల్లర్ కంపెనీకి ఇది మింగుడుపడలేదు. ఇల్లిల్లూ తిరగడమే దాని వ్యాపారం మరి! కోర్టుకెక్కింది. 1933లో అప్పీలు కోర్టు ఊరి పక్షానే తీర్పు చెప్పింది. తర్వాత ఎన్నో ఊళ్ళు అలాంటి నిబంధనలే పెట్టుకున్నాయి. వాటికి ‘గ్రీన్ రివర్’ పేరే స్థిరపడింది.

బాగానే ఉంది. కానీ తలుపు తట్టేవాళ్ళంతా బ్రష్షులవాళ్ళు కారుగా? ఒహాయో రాష్ట్రంలోని స్ట్రథర్స్‌లో కరపత్రాలివ్వడానికి తలుపు కొట్టినా నేరమే అన్నారు. అక్కడా రాత్రి షిఫ్టుల గొడవే. యెహోవా సాక్షుల మతానికి చెందిన ఒకావిడ, మతసభకు రమ్మని కాగితం పంచినందుకు పది డాలర్లు జరిమానా వేశారు. 1943లో సుప్రీంకోర్టు ఆ నిబంధన కొట్టేసింది. ఎవరి మాట వినాలో, ఎవరిని పొమ్మనాలో ఇంటివాళ్ళు తేల్చుకోవాలట. అందరి తరఫునా ఊరే తలుపు మూసెయ్యకూడదట. వద్దని బోర్డు పెట్టుకున్న ఇంటికి వెళ్ళి విసిగిస్తే మాత్రం శిక్షించవచ్చునంది.

మరి అమ్మకాల సంగతి? 1951లో లూసియానాలోని అలెగ్జాండ్రియా ఊరి కేసులో అదే సుప్రీంకోర్టు ఊరి నిబంధనను సమర్థించింది. అక్కడ ఓడిపోయింది ఎవరనుకున్నారు? ఇంటింటికీ వెళ్ళి పత్రికలకు చందాలు కట్టించే మనిషి! పత్రికలో రాస్తూ ఈ మాట చెప్పాలంటే కాస్త ఇబ్బందిగానే ఉంది.

2002లో ఒహాయోలోనే స్ట్రాటన్ అనే చిన్న ఊరి కేసు వచ్చింది. మతం గురించో, రాజకీయం గురించో పొరుగింటివాళ్ళతో మాట్లాడ్డానికి ముందుగా ఊరి పర్మిట్ తీసుకోనక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చింది.

డెబ్బై ఏళ్ళ ఈ తగువులో ఒకరిది నిద్ర, ఒకరిది కూడు, ఇంకొకరిది నమ్మకం. ఏదీ తీసిపారేయదగ్గది కాదు. అందుకేనేమో, ‘వద్దు’ అనే బోర్డు ప్రతి ఇంటికీ ఊరే తగిలించడం కంటే, కావలసినవాళ్ళు తగిలించుకోవడమే మేలనిపిస్తుంది. ఎండలో వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి ‘మాకేం వద్దమ్మా’ అని పంపే వీలు కూడా ఇల్లాలికి ఉండాలి కదా!