వ్యాయామమునకు ముందు వైద్య పరీక్ష

బాలబాలికలు క్రీడాబృందములలో చేరుటకు ముందు వైద్యుని అనుమతి పత్రము కోరుట పాశ్చాత్యులు నేర్పిన పద్ధతియని పలువురు తలంతురు. చరిత్రను పరికించినచో ఈ భావము నిలువదు. వ్యాయామము చేయదలచినవాడు వయస్సు, బలము, శరీరము, దేశము, కాలము, ఆహారము అను ఆరింటిని విచారించుకొనవలెననియు, లేనిచో రోగము పాలగుననియు సుశ్రుత సంహిత హెచ్చరించినది. ఉన్న బలములో సగమే వినియోగింపవలెననియు, శ్వాస కాసలచే బాధపడువారు వ్యాయామమును మానవలెననియు కూడ అందు కలదు.

ఆధునిక కాలమున ఇట్టి విచారణకు చట్టరూపమిచ్చిన దేశములలో ఇటలీ ముఖ్యమైనది. పోటీలలో పాల్గొను క్రీడాకారులకు ఇ.సి.జి.తో కూడిన పరీక్ష 1982 నుండి అచ్చట తప్పనిసరియైనది. వెనెటో ప్రాంతమున యువ క్రీడాకారుల ఆకస్మిక హృదయ మరణములు 1979-80లో ఏటా లక్షకు 3.6 కాగా, 2003-04 నాటికి 0.4కు తగ్గినవి. అమెరికా హృద్రోగ సంఘము 1996లో ప్రకటించిన పద్ధతి ఇ.సి.జి.ని అందరికిని విధింపక, ప్రశ్నలకును దేహపరీక్షకును ప్రాధాన్యమిచ్చినది. ఆడునపుడు మూర్ఛ వచ్చినదా? ఛాతీలో నొప్పి కలిగినదా? కుటుంబమున ఎవరైన ఏబదియేండ్లు నిండకమునుపే హృద్రోగముచే మరణించిరా? ఇట్టి వానికి సమాధానములు ఇంటి పెద్దలకే తెలియును.

సుశ్రుత సంహిత చెప్పిన ఆరింటిలో 'దేశము' మన పావగడ వారు ప్రత్యేకముగ గమనింపదగినది. ఆంధ్రసీమ చాలవరకు చుట్టుకొనియున్న ఈ మెట్ట తాలూకాలో పలుచోట్ల భూగర్భజలమున ఫ్లోరైడు మితిమీరినది. దంతములపై మచ్చలు, కీళ్ల బిగువు, వెన్ను వంగకుండుట దాని చిహ్నములు. ఇట్టి ఎముకల వ్యాధిని నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు వైద్యులు గుర్తించి 1937లో ప్రకటించిరి. ఇక తిరుమణి వద్ద 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రమును పోషించు ఎండ, మిట్టమధ్యాహ్నమున పరుగెత్తు పిల్లలకు ప్రమాదకరము. కావున నాడి చూచి ముద్ర వేయించుకొనుటతో మనము తృప్తిపడరాదు. పిల్లల మోకాళ్లను, వెన్నును పరీక్షింపుమని అడుగవలెను. ఇంట త్రాగు నీరు ఎచ్చటిదో చెప్పవలెను.

మన కుటుంబములలో ఒక అలవాటు కలదు. కుమారునికి జట్టులో చోటు పోవునని ఉబ్బసమును, కుమార్తెకు సంబంధములు రావని మూర్ఛను దాచుదుము. వైద్యుడు కన్నడమున అడిగినను, తెలుగున అడిగినను, దాచిన మాట ఏ పరీక్షకును సులభముగ చిక్కదు. పరీక్షకు వెళ్లినవారిలో అత్యధికులకు ఆడుటకు అనుమతియే లభించును. కొలదిమందికి చికిత్సయో, తగిన వేరొక ఆటయో సూచింపబడును. ఆ కొలదిమందిలో మన బిడ్డ ఉన్నచో, ఆ సంగతి మైదానమునకు వెళ్లకముందే తెలియుట మేలని మేము విన్నవించుచున్నాము.