ముట్టు మార్పు, ముందస్తు సమాచారం: పటాన్‌చెరు నుంచి 'అంతర' దాకా

1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేద స్త్రీలకు నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఇస్తున్నారని తెలిసి, హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్లారు. తాము ఒక ప్రయోగంలో భాగమన్న సంగతి ఆ స్త్రీలకు తెలియదని, మందు ప్రభావాలు ఎవరూ వివరించలేదని వారు ఆక్షేపించారు. 1986లో ఢిల్లీకి చెందిన సహేలీ తదితర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు 2000లో ముగిసింది. పదిహేడేళ్ల తర్వాత, 2017లో, అదే కోవకు చెందిన డీఎంపీఏ ఇంజెక్షన్‌ను కేంద్ర ప్రభుత్వం 'అంతర' పేరుతో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ చరిత్రను సాధారణంగా మందు భద్రత కోణంలోనే చర్చిస్తారు. స్త్రీకి మొదట ఎదురయ్యే మార్పు ముట్టులోనే కనుక, సమ్మతి ప్రశ్నను కూడా అక్కడినుంచే చూడాలని ఈ వ్యాసం వాదన.

మామూలు నెలసరిలో ఈస్ట్రోజెన్ గర్భాశయపు లోపొరను పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరోన్ ఆ పొరను నిలబెడుతుంది. గర్భం రాకపోతే రెండూ తగ్గి, పొర ఊడి రక్తస్రావమవుతుంది. గర్భనిరోధకాల్లో ఉండే ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరోన్ లాంటి కృత్రిమ హార్మోన్) ఈ పొరను పలచగా ఉంచుతుంది. పలచబడ్డ పొరలోని సన్నని రక్తనాళాలు పెళుసుగా ఉండటంతో మొదటి నెలల్లో వేళాపాళా లేకుండా చుక్కలు చుక్కలుగా రక్తం కనిపిస్తుంది. తర్వాత చాలామందిలో స్రావం తగ్గుతుంది, కొందరిలో ఆగిపోతుంది. 'చెడు రక్తం లోపలే నిలిచిపోతుంది' అన్న భయం మన ఇళ్లలో బలమైనది. ఊడటానికి పొరే పెరగనప్పుడు లోపల నిలిచేదేమీ ఉండదు.

మాత్రల సంగతి వేరు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ ప్యాకెట్‌లో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. ఐరన్ మాత్రల వారంలో వచ్చేది అసలు ముట్టు కాదు, హార్మోన్ ఆగినందువల్ల వచ్చే స్రావం. 1950లలో అమెరికాలో మాత్రను రూపొందించిన గ్రెగరీ పింకస్, జాన్ రాక్ నెలకోసారి రక్తం కనబడేలా ఈ విరామాన్ని అమర్చారు. దానివల్ల ఆరోగ్యపరంగా లాభం లేదని 2019లో బ్రిటన్ లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్య వైద్యుల సంస్థ మార్గదర్శకాల్లోనే చెప్పింది. విచిత్రమేమిటంటే, గర్భనిరోధక మాత్ర ముట్టును చెడగొడుతుందని జంకే ఇళ్లలోనే పెళ్లికో వ్రతానికో తిరుమల ప్రయాణానికో ముట్టు వాయిదా వేసే నారెథిస్టిరోన్ మాత్రలు మందుల షాపులో అడిగి తెచ్చుకుంటారు. అదీ ప్రొజెస్టినే.

అంతర విషయంలో మార్పు మరింత ఎక్కువ. మూడు నెలలకోసారి ఇచ్చే 150 మిల్లీగ్రాముల డీఎంపీఏను ఏడాది వాడినవారిలో సుమారు 55 శాతానికి, రెండేళ్లు వాడినవారిలో సుమారు 68 శాతానికి ముట్టు ఆగిపోతుందని తయారీదారు సమాచారపత్రమే చెబుతోంది. చివరి ఇంజెక్షన్ తర్వాత గర్భధారణకు సగటున పది నెలలు పట్టవచ్చు. రక్తహీనత ఉన్న స్త్రీకి స్రావం తగ్గడం మేలే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కానీ ఈ లెక్క ఇంటి గడప దగ్గర ఆగిపోతుంది. ముట్టు రోజుల్లో పూజగదికి, వంటింటికి దూరంగా ఉండాల్సిన ఇంట్లో పది పన్నెండు రోజులు చుక్కలు కనబడితే అన్ని రోజులూ ఆమె పక్కనే కూర్చోవాలి. ముట్టు పూర్తిగా ఆగితే నెల తప్పిందేమోనన్న దిగులు, అత్తగారి ఆరా. వైద్య పాఠ్యగ్రంథాలు దీన్ని 'ప్రమాదం లేని దుష్ఫలితం' అని ఒక్క పంక్తిలో తేల్చేయడం సరికాదు.

మందు మానేయడానికి ప్రధాన కారణం ఈ మార్పే. చైనాలో 1996లో వెలువడిన అధ్యయనంలో, స్రావం ఎలా మారుతుందో ముందే వివరంగా విన్నవారిలో ఏడాదిలోపు మానేసినవారు 11 శాతం. మామూలు సలహాతో సరిపెట్టినవారిలో 42 శాతం. మెక్సికోలో 2001 నాటి అధ్యయనంలోనూ ఇంచుమించు ఇదే తేడా కనిపించింది. అంటే మందు మారలేదు, మాట మారింది.

ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. తాత్కాలిక పద్ధతులు వాడి చూసిన అక్కో వదినో పక్కన లేని చోట ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం చెప్పేదే తొలి సమాచారం. కాబట్టి మొదటి ఇంజెక్షన్‌కు ముందే వారు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. చుక్కలు కనబడటం సహజం. ముట్టు ఆగవచ్చు, అనుమానముంటే గర్భపరీక్ష చేయించుకోవచ్చు. మామూలు ముట్టుకు రెట్టింపు స్రావమైనా, ఎనిమిది రోజులు దాటినా డాక్టర్‌కు చూపించాలి. ఇవి చెప్పకుండా ఇంజెక్షన్ ఇస్తే, స్త్రీ తలూపినా దాన్ని సమ్మతిగా లెక్కించకూడదు.