కీచకుడు

కర్నూలు, కడప పల్లెల్లో బడిపంతులును ‘అయివారు’ అంటారు. ఆ అయివారే పిల్లల మీద చెయ్యి వేశాడన్న ఆరోపణ వస్తే, జిల్లా పేజీలో పడే శీర్షిక ‘కీచక టీచర్’.

సంస్కృతంలో కీచకమంటే గాలికి మోగే బోలు వెదురు. తెలుగువాడికి మాత్రం కీచకుడంటే విరాటపర్వంలోని దుర్మార్గుడే. 1963 నాటి ‘నర్తనశాల’లో ఎస్వీ రంగారావు ఆ పేరుకో రూపమిచ్చారు.

కథలో కీచకుడు దారినపోయే తుంటరి కాడు. రాణికి తమ్ముడు, రాజ్యానికి సేనాపతి. అతడు వేధించిన సైరంధ్రి నిండు కొలువులో మొరపెట్టుకున్నా రాజు అతణ్ణి దండించలేకపోయాడు. శీర్షికలు వదిలేసేది ఈ భాగాన్నే. పంతులి చేతిలోని మార్కులు, ఫిర్యాదును తొక్కిపెట్టే పెద్దలు, ‘బడి పరువు’ పేరుతో జరిగే రాజీలు వార్తలోకి రావు. పైగా నేరం రుజువు కాకముందే శీర్షికలోనే తీర్పు వచ్చేస్తుంది. ఇక ‘మాయమాటలతో లొంగదీసుకున్నాడు’ అని రాస్తే, బిడ్డే ఒప్పుకున్నట్టు ధ్వనిస్తుంది.

2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం బాధిత బిడ్డ పేరు, ఫొటోలే కాదు, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు వివరాలు కూడా బయటపెట్టకూడదు. ఒకే ఉన్నత పాఠశాల ఉన్న ఊరి పేరు వేసి, ‘ఏడో తరగతి విద్యార్థిని’ అంటే చాలు, ఆ పిల్ల ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది.

విలేకరి మిత్రులారా, ‘నిందితుడైన ఉపాధ్యాయుడు’ అనే రాయండి. పక్కన పిల్లల సహాయవాణి 1098 నంబరు వేయండి. ఫిర్యాదు ఎవరి బల్ల మీద ఆగిందో అడగండి.