తాండూరు రోడ్డు మీద ఇద్దరు డ్రైవర్లు

దసరాకి తాండూరు పోయినప్పుడు మా చిన్నమ్మ కొడుకు అడిగాడు: "అన్నా, హెవీ లైసెన్స్ తీసుకుందామనుకుంటున్న. లారీ తోలుడు జిందగీ అంతా నడిచే పనేనా?"

వాడు నన్ను అడగడమే వింత. నేను హైదరాబాద్‌లో ఏసీ కింద కూర్చుని కోడ్ రాసేవాణ్ణి. ముప్పై ఏళ్లు లారీ తోలిన వాళ్ల నాన్న పక్కనే చాయ్ తాగుతున్నాడు. ఆయన్ని వదిలేసి నన్నడిగాడు. ఆయనా ఏం మాట్లాడలేదు. నేను "చూద్దాంలేరా" అని తప్పించుకున్నాను.

నెల తర్వాత, 2025 నవంబర్ 3 పొద్దున, చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరూ, తాండూరు డిపో ఆర్టీసీ బస్సూ ఢీకొన్నాయి. 19 మంది చనిపోయారు. రెండు బండ్ల డ్రైవర్లూ అందులో ఉన్నారు. తర్వాత వారం రోజులు మాటలన్నీ రోడ్డు వెడల్పు గురించి, గుంతల గురించి, విస్తరణ కేసులో ఇరుక్కున్న దాదాపు 900 మర్రిచెట్ల గురించి. అవసరమైన మాటలే. నా ఆలోచన మాత్రం ఆ రెండు ఉద్యోగాల దగ్గరే తిరిగింది. ఒకే రోడ్డు, ఇంచుమించు ఒకే బరువు స్టీరింగు. కానీ బస్సు డ్రైవరూ లారీ డ్రైవరూ రెండు వేర్వేరు చరిత్రల్లోంచి వచ్చి అదే రోడ్డెక్కుతారు. తమ్ముడి ప్రశ్నకి జవాబు ఆ తేడాలో ఉందనిపించింది.

బస్సు డ్రైవర్‌ది రైలు వంశం. వాడీ నుంచి సికింద్రాబాద్‌కి రైలు 1874లో వచ్చింది. తాండూరు, వికారాబాద్ ఆ లైను మీది స్టేషన్లే. 1930లో నిజాం ప్రభుత్వం ఆ రైల్వేని కంపెనీ చేతుల్లోంచి కొనేసుకుంది. 1932 జూన్‌లో అదే రైల్వే ఒక రోడ్డు రవాణా శాఖ తెరిచింది: 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. అంటే మన దగ్గర సర్కారు బస్సు డ్రైవర్ పుట్టుకతోనే రైల్వే ఉద్యోగి. డ్యూటీ చార్టు, నెల జీతం, పైన ఒక ఆఫీసు, అన్నీ ముందే ఉన్నాయి. 1951లో ఆ శాఖ హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది, 1958లో ఏపీఎస్ఆర్టీసీ అయింది. ఆ ఉద్యోగం పూలపాన్పని చెప్పడం లేదు. 2019లో 52 రోజులు సమ్మె చేశారంటే లోపల ఎంత ఉడికిపోయి ఉంటారు! కానీ సమ్మె చేయడానికి వాళ్లకి ఒక డిపో గేటు ఉంది. గేటు ముందు కూర్చుంటే అడగాల్సింది ఎవర్నో తెలుసు.

లారీ డ్రైవర్‌కి ఆ గేటు లేదు. అతని ఉద్యోగానికి ఫలానా రోజు పుట్టిందని చెప్పుకునే తేదీ కూడా లేదు. తాండూరులో అది బండలతో పెరిగింది. నాపరాయి బండ పల్చగా ఉంటుంది, పగులుతుంది. రైలుకెక్కించాలంటే గనిలో ఒకసారి, స్టేషన్లో ఒకసారి, దిగాక మరోసారి హమాలీలు చేతులు మార్చాలి. లారీలో అయితే గని దగ్గర అంచు మీద నిలబెట్టి పేరిస్తే, మళ్లీ దింపేది ఇల్లు కట్టేవాడి గుమ్మం ముందే. రైలు పట్టాలు ఊరి మధ్యలోంచే పోతున్నా బండలు లారీ ఎక్కడానికి ఇదొక పెద్ద కారణం. 1980ల్లో కరన్‌కోట్‌లో సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఫ్యాక్టరీ వచ్చింది. దాని వెనకే మరికొన్ని. అట్లా బండలకి సిమెంటు తోడైంది. పక్కన హైదరాబాద్ పెరుగుతూనే ఉంది. లోడుకి కొదవ లేదు.

మా చిన్నాయన ఆ రోజుల్లో క్లీనర్‌గా చేరాడు. టైర్లకి గాలి చూసుడు, అద్దం తుడుచుడు, రివర్స్‌లో "రైట్ రైట్" అని అరుచుడు. జీతం లేదు, తిండీ బత్తా. అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద డ్రైవర్ స్టీరింగ్ చేతికిస్తే అదే బడి. నాలుగేళ్లకి డ్రైవరయ్యాడు. ఇంకో పదేళ్లకి ఫైనాన్స్ మీద పాత లారీ కొన్నాడు. బ్యాంకులు గడప తొక్కనివ్వని కాలంలో పాత లారీలకి అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీలు రావడంతో చాలామంది డ్రైవర్లు ఓనర్లయ్యారు. ఇది మన 'లారీ డ్రైవర్' సినిమా, 1990 నాటిది, వచ్చిన రోజుల సంగతి. స్టీరింగ్ పట్టినోడు హీరోలా కనిపించడానికి బాలకృష్ణ ఒక్కడే కారణం కాదు. క్లీనర్, డ్రైవర్, ఓనర్ అనే మూడు మెట్ల నిచ్చెన కళ్లముందు ఉండేది.

ఆ నిచ్చెనలో ఒక మోసం కూడా ఉంది. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు. వరసగా ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి. చదివితే నా ఆఫర్ లెటర్ కంటే బాగుంది. కానీ అది ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. ఒక లారీ, ఒక డ్రైవర్, ఒక క్లీనర్ ఉన్న ఓనర్ దాని బయటే. 2020 నాటి కార్మిక భద్రతా కోడ్ ఆ హద్దుని పదికి పెంచింది. పై మెట్టెక్కి ఓనర్ అయిన మా చిన్నాయన తన డ్రైవర్‌కి ఎనిమిది గంటలు ఇవ్వలేదు. ఇవ్వాలని ఆయన్ని ఎవరూ అడగలేదు, ట్రిప్పుకింతని ఇస్తే కిస్తీ కట్టగలడు తప్ప వేరే దారీ లేదు. ట్రిప్పు లెక్కన డబ్బులొచ్చే చోట నిద్ర అంటే నష్టం.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో 1964లో టీమ్‌స్టర్స్ యూనియన్ దేశం మొత్తానికీ ఒకే వేతన ఒప్పందం సాధించింది. ఒక లారీ డ్రైవర్ మధ్యతరగతి ఇల్లు కొనుక్కునేవాడు. 1980లో సరుకు రవాణా మీద నియంత్రణలు సడలించాక పోటీ పెరిగి ఆ జీతాలు కరిగాయి. స్టీవ్ విసెల్లీ అనే సామాజిక శాస్త్రవేత్త స్వయంగా లారీ తోలి రాసిన 'ద బిగ్ రిగ్' ఈ పతనం గురించే. అంటే రోడ్డు, ఒంటరితనం, రాత్రి ప్రయాణం అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. తృప్తి పోయింది మాత్రం ఒప్పందంతో పాటే.

మన దగ్గర పోయింది ఆ నిచ్చెన. ఇప్పుడు చాలా బండ్లలో క్లీనర్ సీటు ఖాళీ. నేర్పే గురువు లేడు, మాట్లాడే మనిషీ లేడు. కొత్త బండి ధర పాత పద్ధతిలో కూడబెట్టి కొనేది కాదు. 2025లో కొత్తగా తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే, చాలా ఆలస్యంగా వచ్చిన మంచి. కానీ చల్లటి క్యాబిన్‌లో కూర్చున్నా పద్నాలుగో గంట పద్నాలుగో గంటే.

డిసెంబర్‌లో తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. లైసెన్స్ తీసుకో. కానీ "లారీ తోలుడు మంచిదా" అని అడగకు. చేరే ముందు ఓనర్‌ని నాలుగు అడుగు: జీతం నెలకా, ట్రిప్పుకా? రాత్రి బండికి రెండో డ్రైవర్ ఉంటాడా? పీఎఫ్ కడతావా? నిద్రొస్తే బండి ఆపితే బత్తా కోస్తావా? సరైన జవాబులు రాకపోతే ఆర్టీసీ నోటిఫికేషన్ కోసం చూడు.

ఫోన్ స్పీకర్లో ఉన్నట్టుంది. అవతల చిన్నాయన గొంతు వినిపించింది. "ఆ నాలుగోది నన్ను ఎవడూ అడగలే బిడ్డా. అడిగితే వేరేటోన్ని పెట్టుకుంటుంటి."